అనుమానము: ఆ మాటకు గల పూర్వార్థములు, మన చరిత్రము



ప్రతి సంవత్సరమును సమ్మేళన సంచికలయందు కులచరిత్రము వ్రాయువారు మూలపురుషునితో నారంభించుట పరిపాటి. మనవారు ఏకలవ్యునితో నారంభింతురు. అది యుక్తమే. ఈ సంచికయందు మాత్రము నేనొక మాట చరిత్రమును వ్రాయదలచితిని. ఆ మాట ‘అనుమానము’. ఎఱుకలవారమైన మనకును ఈ మాటకును గల సంబంధము మన తాతలకు శరీరానుభవము, మన మనుమలకు వట్టి కథ. ఆ మాట యెక్కడ పుట్టినదో, ఎట్టి యర్థములు మాఱి మన గడపలయొద్దకు వచ్చినదో యెఱిగినగాని, మనకు జరిగిన యన్యాయము ఏ తీరుదో చక్కగా బోధపడదు.

నేడు తెలుగునాట అనుమానమనగా శంక. ఇంట గిన్నె కనబడకున్న పనివారిమీద అనుమానము. మగనికి ఆలిమీద అనుమానము. ‘అనుమానము పెనుభూత’మని సామెత. సంస్కృతమున ఈ పదమునకు మొదటి యర్థమిది కాదు. ‘అను’ అనగా వెంబడి. ‘మానము’ అనగా కొలత, తెలిసికొను సాధనము. కంటికి కనబడిన యొకదానిని పట్టుకొని, దానివెంట కనబడని మఱియొకదానిని నిశ్చయించుట అనుమానము. హిందీవారు ఈ పదమును అంచనా యను నర్థమున వాడుదురు. తమిళ మలయాళములందు ఊహ యను నర్థము నిలిచినది. తెలుగు కన్నడములందు ఇది జాఱి శంకయైనది. మన యనంతపురము జిల్లా (2022లో శ్రీ సత్యసాయి జిల్లా వేఱు కాకమునుపటి జిల్లాను గుఱించియే ఇందు వ్రాయుచున్నాను) ఆ రెండు భాషల పొలిమేర. మడకశిర, రాయదుర్గము ప్రాంతములందు ఏ భాషవాడు పలికినను ఈ మాటకు వినువాని కనుబొమలు ముడివడును.

గౌతముని న్యాయశాస్త్రమున ప్రమాణములు నాలుగు: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. అనగా కంటితో చూచుట తరువాత నిజము తెలిసికొనుటకు రెండవ త్రోవ అనుమానము. చార్వాకులు దీని నంగీకరింపలేదు గాని తక్కిన దర్శనములవారు గౌరవించిరి. శంకకు ఆ శాస్త్రమున వేఱు పేరు కలదు. అది సంశయము. మునిమాపువేళ దూరమున నిలువుగా నొకటి కనబడినప్పుడు అది మోడో మనుష్యుడో తేలకుండుట సంశయము. సంశయము విచారణకు మొదలు, అనుమానము దానికి తుద. మన భాషలో తుదకు పెట్టవలసిన పేరు మొదటికి వచ్చి కూర్చున్నది. విచారణ ముగిసిన పిదప రావలసిన మాట, విచారణ లేకయే వచ్చుచున్నది.

కొండమీద పొగ కనబడినది. పొగ యెక్కడ నుండునో యక్కడ నిప్పుండునని వంటయింట చూచియున్నాము. కావున కొండమీద నిప్పున్నది. అన్నంభట్టు తన తర్కసంగ్రహమున బాలుర కీ యుదాహరణమునే చెప్పెను. ఆయన తెలుగువాడని పండితులు చెప్పుదురు. మన పల్లెలందు చదువురాని ముసలమ్మ యనునట్టి ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అను సామెతయు ఇదియే. కాని పల్లెలో ఈ సామెతను ఎప్పుడు వాడుదురో పాఠకులెఱుగుదురు. ఒకనిమీద పుకారు పుట్టినప్పుడు వాడుదురు. పుకారు పొగ యెట్లగును? శాస్త్రజ్ఞులు ఇచ్చటనే మొదటి హెచ్చరిక చేసిరి. దూరమునుండి మంచును, ఆవిరిని, దుమ్మును చూచి పొగయని భ్రమపడినవాడు చేయు అనుమానము చెల్లదు. వానలేని మన మెట్టనేలలపై వైశాఖమాసమున లేచు దుమ్మును చూచినవారికి దీనికి వేఱు వ్యాఖ్యానము అక్కఱలేదు.

వారు చెప్పిన హేత్వాభాసములలో మఱియొకటి సవ్యభిచారము. చూపిన కారణము నిప్పున్నచోటను ఉండును, లేనిచోటను ఉండును. అట్టి కారణము దేనిని నిరూపింపజాలదు. ఇక ఉపాధి యనునది యొకటి కలదు. పొగయున్నచోట నిప్పున్నదనుట సరియే. నిప్పున్నచోట నెల్ల పొగయుండుననుట సరిగాదు. ఎఱ్ఱగా కాలిన యినుపగుండున నిప్పు కలదు, పొగ లేదు. నిప్పునకు పచ్చికట్టె తగిలినప్పుడే పొగ వచ్చును. ఆ పచ్చికట్టెయే ఉపాధి. ఈ పచ్చికట్టెను పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. మఱల దీనితో పనియున్నది.

శాస్త్రమును విడిచి వ్యవహారమునకు వత్తము. దొంగను శంకతో పట్టుట పూర్వమును కలదు. యాజ్ఞవల్క్యుడు ఎట్టివారిని శంకింపవచ్చునో చెప్పెను: మునుపు నేరము చేసినవాడు, ఉనికిపట్టు సరిగా చెప్పనివాడు, జూదమునకు త్రాగుడునకు మరగినవాడు, అడిగినప్పుడు నోరెండి గొంతు తడబడువాడు, తన జాతిని పేరును దాచువాడు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను పదుమూడవ శతాబ్దమున కేతన తెలుగు చేయగా అది విజ్ఞానేశ్వరీయమైనది. ఈ పట్టికలో కడపటి గుఱుతును గమనింపుడు. జాతిని దాచువాడు శంకింపదగినవాడు. జాతిని నిజముగా చెప్పినవానిని ఆ కారణముచేతనే శంకింపవచ్చునని యాజ్ఞవల్క్యుడనలేదు. ఆ మాట యనుటకు పందొమ్మిదవ శతాబ్దము రావలసి వచ్చినది. స్మృతులన్నియు మనకు మేలు చేసినవని నేననుట లేదు. వానిలో వర్ణమునుబట్టి శిక్షలు కలవు, వానిని మెచ్చవలసిన పనిలేదు. ఐనను శంకను నిర్ణయమనుకొనరాదని వారికి తెలియును. సొత్తు దొరకినంతమాత్రమున వాడు దొంగ కాడనియు, ఇతరుని చేతినుండి జాఱియుండవచ్చుననియు, దొంగయే విసిరి పోయియుండవచ్చుననియు నారదుడు చెప్పి, దొంగ కాని మాండవ్యుడు వ్యవహారమున దొంగయైన కథను దృష్టాంతముగా చూపెను. ఆ ముని మౌనవ్రతమున నుండగా దొంగలు సొత్తును ఆయన యాశ్రమమున దాచిరి. రాజభటులు వచ్చి యడుగగా ఆయన పలుకలేదు. పలుకకుండుటయే నేరమునకు గుఱుతయ్యెను. శూలమెక్కించిరి.

ఇంతకంటె మన యిండ్లలో బాగుగా నెఱిగిన కథ శమంతకోపాఖ్యానము. వినాయకచవితినాడు అక్షతలు పట్టుకొని వినని తెలుగువాడు లేడు. మణిని శ్రీకృష్ణుడు మునుపొకసారి యడిగియుండెను. ప్రసేనుడు మణితో నడవికి పోయి తిరిగి రాలేదు. కావున కృష్ణుడే చంపెనని సత్రాజిత్తు చాటెను. ‘నీలాపనింద’ యను మాట మన వాడుకలో ఆ పండుగ కథతోనే పెనవేసికొన్నది. కృష్ణుడు ప్రమాణములు చేసి కూర్చుండలేదు. పెద్దలను వెంటబెట్టుకొని యడవికి పోయి ప్రసేనుని కళేబరమును చూపెను. అక్కడనుండి సింహపు టడుగులు, ఆ వెనుక భల్లూకపు టడుగులు; వానిని పట్టుకొని గుహవఱకు నడచెను. సత్రాజిత్తు చేసినది నేటి తెలుగు అనుమానము. కృష్ణుడు చేసినది పాత సంస్కృత అనుమానము. ఒకే కథయందు రెండర్థములును ఎదురెదురుగా నిలిచియున్నవి.

జాడ తీయుట మన సీమకు క్రొత్త కాదు. మన పల్లెలందు తలారులును కావలివారును ఉండిరి. ఊర దొంగతనము జరిగినచో ఇసుకలో అడుగు గుఱుతు పట్టి అది ఏ పొలిమేర దాటినదో చూపవలసినది వారే. కావలికి మేర పుచ్చుకొన్నవాడు సొత్తునకు జవాబుదారి. పట్టలేనిచో నష్టమిచ్చుకొనవలెనను ఆచారము పాళెగాండ్ర కాలమున దక్షిణదేశమున పెక్కుచోట్ల నుండెను. అందు దౌర్జన్యమును లేకపోలేదు. కాని అది పోయిన సొత్తును గుఱించిన బాధ్యత. పుట్టిన కులమును గుఱించిన ముద్ర కాదు.

మనవారి జీవనమును గుఱించి రెండు మాటలు. ‘ఎఱుక’ యనగా తెలివి, జ్ఞానము, భవిష్యత్తు చెప్పుట. తట్ట చంకబెట్టుకొని యిల్లిల్లు తిరిగి ఎఱుక చెప్పిన మన తల్లులవలన కులమునకు పేరు వచ్చినదని కొందఱందురు. కిరాతునకు ‘ఎఱుకు’ అని తెలుగున ప్రాతపేరు కలదు గావున అదియే మూలమని మఱికొందఱందురు. మనలో మనము కుఱ్ఱు అని చెప్పుకొందుము. ఏది యెట్లున్నను, తెలివికి పేరైన మాటను పేరుగా ధరించినవారు శంకకు గుఱియగుట విధివిలాసము. ఉప్పు ఎఱుకలవారు గాడిదలమీద ఎద్దులమీద సముద్రతీరపు టుప్పును మెట్టసీమలకు చేర్చి మాఱుగా ధాన్యమును కొనిపోవుచుండిరి. దబ్బ ఎఱుకలవారు వెదురు బుట్టలల్లిరి. కుంచె ఎఱుకలవారు నేతగాండ్రు పడుగునకు గంజి పట్టించు కుంచెలు కట్టిరి. నేతకు పేరుగన్న ధర్మవరము, ఉరవకొండ, తాడిపత్రి మన జిల్లాలోనివే యని చెప్పనక్కఱలేదు. కరివేపాకు ఎఱుకలవారి పని పేరే చెప్పుచున్నది.

1800లో నిజాము ఈ సీమను కుంపిణీవారికి దత్తము చేసెను. మన్రో 1807 వఱకు కలెక్టరుగానుండి పాళెగాండ్రను అణచెను. 1805లో మదరాసు రాజధానియందు ఉప్పు సర్కారు గుత్తాధిపత్యము క్రిందకు వచ్చెను. 1871 నాటికి మదరాసునుండి గుత్తిమీదుగా రాయచూరువఱకు రైలుదారి పడెను. రైలు మోయు ఉప్పుతో గాడిద పోటీ చేయజాలదు. పిదప 1876 మొదలు 1878 వఱకు ధాతనామసంవత్సరపు కఱవు. మన జిల్లా అప్పటికి బళ్లారి జిల్లాలోని భాగము, 1882లో వేఱుపడినది. ఆ కఱవున మనుష్యులెంత నశించిరో పశువులంత నశించినవి. ఆ 1882లోనే మదరాసు అడవుల చట్టము వచ్చి వెదురును ఆకును కట్టుబాటున పెట్టెను. దక్షిణదేశపు కొఱవలును ఎఱుకలును ఈ వరుసదెబ్బలవలననే జీవనము కోల్పోయిరని మీనా రాధాకృష్ణగారు 2001లో ప్రకటించిన గ్రంథమున సవిస్తరముగా నిరూపించిరి. మన విద్యార్థులు చదువదగిన పుస్తకము.

ఇక చట్టము కథ. 1871లో ఉత్తరహిందూస్థానమునకై నేరజాతుల చట్టము పుట్టెను. ఒక జాతి క్రమముగా నేరములు చేయుచున్నదని నమ్ముటకు కారణము కలదని సర్కారు తలంచినచో ఆ జాతినంతయు నేరజాతిగా ప్రకటింపవచ్చును. మదరాసున 1892లో మల్లాలీ యను పోలీసు అధికారి నేరస్థవర్గములను గుఱించి యొక పుస్తకమును ప్రకటించెను. అందు మనవారికి చోటు దొరకెను. 1911లో క్రొత్త చట్టము వచ్చి మదరాసునకు వ్యాపించెను. 1924లో అన్నిటిని కలిపి మఱల వ్రాసిరి. రిజిస్టరులో పేరు, వేలిముద్ర, నియమిత వేళలందు హాజరు, ఊరు విడుచుటకు అనుమతి చీటి. మూలపురుషుడు బొటనవ్రేలు గురువునకిచ్చెను. ఆయన సంతతియని చెప్పుకొనువారు సర్కారునకు వ్రేళ్లన్నియు ముద్రవేసి యిచ్చిరి.

1924 చట్టపు 24వ సెక్షనును ప్రత్యేకముగా చదువవలెను. రిజిస్టరులో పేరున్నవాడు దొంగతనమునకు పోవుచున్నాడని తోచు పరిస్థితులలో కనబడినచో మూడేండ్లవఱకు ఖైదు వేయవచ్చును. దొంగిలింపనక్కఱలేదు. తోచిన చాలును. 29వ సెక్షను, జాతిని నేరజాతిగా ప్రకటించిన యుత్తరువు సరియా కాదా యని ఏ న్యాయస్థానమును విచారింపరాదనెను. తార్కికుని మాటలలో చెప్పవలెనన్న, హేతువును పరీక్షింపరాదని చట్టమే నిషేధించెను. పరీక్షింపని హేతువుతో చేసిన యనుమానమును గౌతముడు ప్రమాణమనునా? ఎఱుకల పుట్టుక హేతువు, దొంగతనము సాధ్యము. ఆ పుట్టుక బుట్టలల్లు వానియందున్నది, ఎఱుక చెప్పు ముసలమ్మయందున్నది, ఉగ్గుపాలు త్రాగు శిశువునందున్నది. ఇంతకంటె స్పష్టమైన సవ్యభిచారము తర్కసంగ్రహము చదువు బాలునికైనను దొరకదు.

మనవారిలో దొంగలు లేరని నేననను. అట్లు వ్రాసినచో ఈ సంచికను బయటివారు నమ్మరు, మనవారును నమ్మరు. కాని దొంగలైనవారిని గూర్చియు ఆ పచ్చికట్టెను వెదకవలెను. ధాన్యపు ధరలు పెరిగిన యేండ్లలో మదరాసు రాజధానియందు దోపిడులు పెరిగెనని డేవిడ్ ఆర్నాల్డు వంటి చరిత్రకారులు చూపిరి. 1918లో ధరలు మండినప్పుడు అంగళ్లను దోచినవారిలో ఎన్నో కులములవారు గలరు. వారి కులములను ఎవరును రిజిస్టరున వ్రాయలేదు. ఏటికి సుమారు 22 అంగుళముల వాన, అదియు వేళకు రాని సీమలో, ఉప్పు పోయి, వెదురు పోయి, గాడిద చచ్చినవాడు చేసిన దొంగతనమునకు పుట్టుక కారణమనుట, పచ్చికట్టెను చూడక నిప్పును దూఱుట. ఉపాధి యను పదమునకు నేటి తెలుగున జీవనాధారమని యర్థము. ఉపాధి లేకపోవుటయే ఇక్కడ ఉపాధి. నేను శ్లేషకొఱకు వ్రాయుట లేదు, భాషయే యిట్లు కలిపియుంచినది.

ఈ కాలముననే పోలీసు కాగితములనుండి తెలుగులోనికి మఱియొక శంకాపదము వచ్చినది. తెలిసిన దొంగ యని యర్థమిచ్చు ఆంగ్లపదముల మొదటి యక్షరములు రెండు కలిసి ‘కేడీ’ యైనది. నేడు తల్లులు అల్లరి చేయు పిల్లవానిని ముద్దుగా కేడీ యందురు. ఆ మాట యెవరి పేరిప్రక్కన ఎక్కి పుట్టినదో వారెఱుగరు. ఎఱిగిన మనవారు నవ్వజాలరు.

సెటిల్మెంట్లను గుఱించి వేఱుగా నొక వ్యాసము వ్రాయవలెను. గుంటూరు సీమలోని స్టువర్టుపురము, సీతానగరము, నెల్లూరు సీమలోని కావలి, కప్పరాళ్లతిప్ప, కర్నూలు సీమలోని సిద్ధాపురము. ఇట్టి చోట్ల మనవారి కుటుంబములను చేర్చిరి. బిడ్డలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి పాఠశాలలందుంచు నధికారము చట్టము సర్కారునకిచ్చెను. స్టువర్టుపురము మదరాసు గవర్నరు సభలోని సభ్యుడగు హెరాల్డు స్టువర్టు పేరిట ఏర్పడినది. 1991లో ఆ యూరి పేరుతో చలనచిత్రము వచ్చెను. దొరపేరు గల యూరు దొంగలకు పర్యాయపదమైనది గాని, దొరకు ఏ మచ్చయు రాలేదు.

మదరాసు ప్రభుత్వము 1947లో ఈ చట్టమును రద్దుచేసెను. దేశమంతట దీనిని విచారించుటకు 1949లో ఏర్పడిన సంఘమునకు అధ్యక్షులు మన రాయలసీమవారైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. ఆ సంఘపు సిఫారసుల పిదప 1952 ఆగస్టు 31న దేశమున చట్టము పోయెను. నాటినుండి విముక్తజాతులను పేరు వచ్చినది. పేరు మార్చుట చిన్నపని యనువారికి ఒకటి జ్ఞాపకము చేయుదును. దత్తమండలములను పేరు అవమానకరమని 1928 నవంబరున నంద్యాల సభలో రాయలసీమ యను పేరు పెట్టిరి. అందుకు ముఖ్యులైన చిలుకూరి నారాయణరావుగారు అనంతపురము కళాశాలలో పనిచేసిన భాషాశాస్త్రజ్ఞులు. సీమకు దత్తమను మాట అవమానమైనప్పుడు మనుష్యులకు నేరజాతి యను మాట యెట్టిదో వేఱుగా చెప్పవలెనా?

ఐనను చట్టము పోయినవెంటనే మాట పోలేదు. మదరాసున 1948లోను, ఆంధ్రప్రదేశమున 1962లోను అలవాటు నేరస్థుల చట్టములు వచ్చినవి. ఇందు జాతి పేరు లేదు, వ్యక్తి నేరచరిత్రమే ఆధారము. అది యొక మేలు. కాని ఠాణాలలో సస్పెక్టు షీటు తెఱచు వేళ ఎవరి వీధికి పోవుదురో మనవారికి తెలియును. శంక ఎంత బలమైనదైనను సాక్ష్యమునకు మాఱు కాజాలదని న్యాయస్థానములు పలుమాఱులు చెప్పినవి. 1984లో శరద్ బిర్దీచంద్ సార్దా వ్యాజ్యమున సుప్రీము కోర్టు, పరిస్థితుల సాక్ష్యమునకు ఐదు నియమములు చెప్పి, నేరము తప్ప వేఱు ఊహకు తావులేని గొలుసు కావలెననెను. అన్నంభట్టు చదివినచో ఇది వ్యాప్తిలక్షణమే యనును.

2024 అక్టోబరు 3న అదే న్యాయస్థానము సుకన్యా శాంత యను పాత్రికేయురాలు వేసిన వ్యాజ్యమున తీర్పు చెప్పినది. చెఱసాలలలో కులమునుబట్టి పనులు పంచుట, విముక్తజాతులవారిని పుట్టుకనుబట్టి అలవాటు నేరస్థులుగా నెంచుట రాజ్యాంగవిరుద్ధమనెను. ఖైదీల రిజిస్టరులలోని కులపు గడిని తీసివేయుమనెను. విముక్తజాతులవారిని నిష్కారణముగా నిర్బంధింపరాదని పోలీసువారికి ఆజ్ఞాపించెను. న్యాయవాదవృత్తిలోనున్న మన యువకులు ఈ తీర్పును తెలుగు చేసి వచ్చు సమ్మేళనమునకు పంచిపెట్టినచో ముద్రణవ్యయమునకు పోషకులు ముందునకు రాగలరు.

కడపట నొక విన్నపము. మన పెద్దల యిండ్లలో పాత పెట్టెల యడుగున అనుమతి చీట్లు, హాజరు పుస్తకములు, వేలిముద్ర కాగితములు నింకను కలవు. కొందఱు అవమానమని కాల్చివేయుచున్నారు. దయచేసి కాల్పకుడు. తేది, ఊరు, సంతకము చదువ వీలగు కాగితము చిఱిగినదైనను చాలును. సమ్మేళనమునకు వచ్చునప్పుడు వానిని కొనివచ్చి సంఘపు కార్యదర్శిగారికి చూపినచో, నకలు వ్రాసికొని అసలును అక్కడికక్కడే తిరిగి యిచ్చుటకు ఏర్పాటు చేయబడును.